కంట్లో చుక్కలు వేసేముందు టార్చి వేసి చూసే ఏర్పాటు కావాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాలకు వచ్చేలోపు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) కొన్ని చిన్న పరికరాలు, కొన్ని చుక్కల మందులు చేర్చాలనీ, మెడికల్ షాపుల్లో అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడుపోతున్న స్టెరాయిడ్ కలిసిన కంటి చుక్కలకు కళ్లెం వేయాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. మేం కంటి, ఈఎన్‌టీ విభాగాల్లో పనిచేసే వైద్యులం, ఆప్టోమెట్రిస్టులం, నర్సులం.

2018 ఆగస్టు 15న మొదలై, 2023లో రెండో విడత నడిచిన కంటి వెలుగు ఊరూరా తిరిగి చూపు తగ్గినవారిని వెతికి పట్టుకుంది, అద్దాలు ఇచ్చింది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే మధ్యాహ్నం ప్యాడీ క్లీనర్ దగ్గర తాలు ఎగిరి కంట్లో పడ్డ హమాలీ శిబిరం కోసం ఆగలేడు. సాయంత్రానికి ఏ మెడికల్ షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో పోతాడు. ఆ కన్ను నిలిచేదీ పోయేదీ చాలావరకు అక్కడ చేతికొచ్చే సీసాను బట్టే ఉంటుంది.

వరి ఆకు అంచు గానీ, వడ్ల ముల్లు గానీ నల్లగుడ్డు మీద గీసుకుంటే పైపొర లేచిపోతుంది. ఆకుల మీదా దుమ్ములోనూ ఉండే ఫంగస్ ఆ గీత గుండా లోపలికి దిగుతుంది. బ్యాక్టీరియా పుండు ఒకటి రెండు రోజుల్లోనే భగ్గుమంటుంది. ఫంగస్ పుండు మాత్రం నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం దాటాక బయటపడుతుంది. మొదట్లో ఎరుపు, నీరు కారడం, కాస్త గరగర, అంతే. చూసినవాళ్లు కండ్లకలక అనుకుంటారు. కండ్లకలకలో పుసి కడతుంది గానీ, తుడుచుకుంటే చూపు మామూలుగానే ఉంటుంది, నొప్పి అంతగా ఉండదు. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా అది పుండే అనుకుని నడుచుకోవాలి. వాంతులు, తలనొప్పితో కన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడితే అది నీటికాసుల జబ్బు (గ్లకోమా) ఒక్కసారిగా ముదిరినట్టు. ఆ రోగిని ఆ పూటే పంపాలి.

ఇక్కడే షాపులో దొరికే డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనే స్టెరాయిడ్లు కలిసిన యాంటీబయోటిక్ చుక్కలు కొంప ముంచుతున్నాయి. స్టెరాయిడ్ పడగానే రెండు మూడు రోజుల్లో ఎరుపూ నొప్పీ తగ్గుతాయి. రోగి మందు పనిచేసిందనుకుంటాడు, అమ్మినవారూ అదే అనుకుంటారు. నిజానికి అప్పటిదాకా ఫంగస్‌ను అడ్డుకుంటున్న ఒంటి శక్తిని ఆ చుక్కలే అణచివేశాయి. పుండు లోతుకు పోతుంది, అడుగున చీము నిలుస్తుంది, కొందరికి నల్లగుడ్డుకు చిల్లు పడుతుంది. మానినా పువ్వు వేస్తుంది. ఇవే చుక్కలను దురదకో ఎలర్జీకో నెలల తరబడి వాడుకునే పిల్లలకు కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా, శుక్లాలు రావడం మరో నష్టం. ప్రిస్క్రిప్షన్ లేనిదే అమ్మకూడదని చట్టంలో ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు దుకాణాల తనిఖీలో అన్నిటికన్నా ముందు ఈ ఒక్క రకం సీసాల బిల్లులు చూస్తే చాలు, సగం సంగతి తెలుస్తుంది.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన కాగితపు పట్టీని ఒక చుక్క సెలైన్‌తో తడిపి కింది రెప్ప లోపల తాకించి, రోగిని రెండు మూడుసార్లు రెప్పలు ఆడించమని, నీలి వెలుతురు టార్చితో చూడాలి. పైపొర లేచిన చోట పచ్చగా మెరుస్తుంది. గీత మాత్రమే ఉండి, కింద తెలుపు లేకపోతే క్లోరాంఫెనికాల్ 1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు వాడాలి. మర్నాడు తప్పకుండా మళ్లీ చూడాలి. ఆకో పొట్టో తగిలిన కంటికి కట్టు కట్టకూడదు, తడికీ వెచ్చదనానికీ లోపలి క్రిములు పెరుగుతాయి. నొప్పి తెలియకుండా చేసే ప్రొపారకైన్ చుక్క పరీక్షకు వాడొచ్చు గానీ సీసా ఇంటికి ఇవ్వకూడదు. పదే పదే వేసుకుంటే పైపొర మానదు.

తెలుపు కనిపిస్తే మాత్రం ఏరియా ఆసుపత్రి కంటి డాక్టరు పుండు అంచు నుంచి గీకిన నమూనాను పది శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంతో స్లైడు మీద పరుచుకుని చూడాలి. కఫం పరీక్షకు వాడే మైక్రోస్కోపే సరిపోతుంది. ఫంగస్ దారాలు కనిపిస్తే ఫంగస్‌ను చంపే నాటమైసిన్ 5 శాతం చుక్కలు మొదలుపెట్టాలి. మొదటి రోజుల్లో గంటకోసారి, తర్వాత రెండు గంటలకోసారి, మొత్తం కొన్ని వారాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును 2017లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సీసా బాగా కుదపకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. పుండు మీద తెల్లటి పొడి పేరుకుంటే అది మందే, చీము కాదు. ఈ రెండు మాటలు ఎవరూ చెప్పకపోవడం వల్ల చాలామంది మధ్యలో మానేస్తున్నారు. ఇళ్లలో నాలుకతో నలుసు తీయడం, నందివర్ధనం పూల రసం పిండడం, ఆముదం వేయడం కూడా మానిపించాలి. ఈ మాట ఆశా కార్యకర్త నోట వస్తే జనం వింటారు.

సున్నం సంగతి మరీ తొందరది. పాన్ డబ్బాలోనో, ఖైనీ కోసమో తెచ్చిన సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కితే చిమ్మి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం క్షారం, కాబట్టి నిమిషాల్లో లోపలి పొరల్లోకి దిగిపోతుంది. ఇంట్లోనే శుభ్రమైన నీళ్లతో, అవి లేకపోతే ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లతో, కనీసం 15 నిమిషాలు కడగాలి. ఆసుపత్రికి బయలుదేరడం ఆ తర్వాతే. పీహెచ్‌సీలో ప్రొపారకైన్ చుక్క వేసి, పైరెప్పను దూది పుల్ల మీదుగా తిరగేసి, మడతలో దాగిన సున్నం పలుకులను తడి దూది పుల్లతో తుడిచేయాలి. పలుకు ఒక్కటి మిగిలినా ఎంత కడిగినా వృథాయే. తర్వాత సెలైన్ సీసాకు మామూలు ఐవీ సెట్టు తగిలించి అరగంటలో రెండు లీటర్లు పోయాలి. అయిదు నిమిషాలు ఆగి, క్షారం మిగిలిందో లేదో చూపే పీహెచ్ కాగితంతో చూస్తే 7 నుంచి 7.5 మధ్య రావాలి, రాకపోతే మళ్లీ కడగాలి. అప్పుడే రోగిని పంపాలి. ఇందులో కొత్తగా కొనాల్సింది పీహెచ్ కాగితం ఒక్కటే.

చెవి దగ్గరికి వద్దాం. చీము కారడం మొదలై 14 రోజులు దాటకపోతే ఆరోగ్య కార్యకర్తల శిక్షణ పుస్తకంలోనే ఉంది: అయిదు రోజులు అమోక్సిసిలిన్, దానితోపాటు చెవిని ఆరబెట్టడం. 14 రోజులు దాటితే నోటి మందులతో పెద్దగా లాభం లేదు. శుభ్రమైన నూలు గుడ్డనో టిష్యూనో వత్తిలా చుట్టి చెవిలో పెట్టి, తడిస్తే మార్చి, వత్తి పొడిగా వచ్చేదాకా ఆరబెట్టాలి. ఇలా రోజుకు మూడుసార్లు. ఆ తర్వాతే సిప్రోఫ్లాక్సాసిన్ 0.3 శాతం చుక్కలు, రెండు వారాలు. చీము నిండిన చెవిలో చుక్క వేస్తే అది పైపైనే ఆగిపోతుంది, చాలామందికి మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే. సీసాను కాసేపు గుప్పిట్లో వెచ్చబెట్టాలి, చల్లటి చుక్కకు కళ్లు తిరుగుతాయి. కంటి చుక్కలను చెవిలో వేయొచ్చు, చెవి చుక్కలను కంట్లో ఎప్పుడూ వేయకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉన్న చెవిలో గుబిలి కరిగించే చుక్కలూ, జెంటమైసిన్ చుక్కలూ పడకూడదు. మొదటివి లోపల మంట పెడతాయి, రెండోవి లోపలి చెవినే దెబ్బతీస్తాయి. చెవి లోపలికి చూసే పరికరమైన ఆటోస్కోపుతో చూడనిదే రంధ్రం ఉందో లేదో తెలియదు, అందుకే దాన్ని అడుగుతున్నాం. చీము కొద్దిగానే ఉండి దుర్వాసన వస్తే, చెవి వెనక వాస్తే, మూతి వంకర పోతే, తల తిరిగితే అది ఎముకను తినే జబ్బు కావొచ్చు. చుక్కలతో కాలం గడపకుండా శస్త్రచికిత్సకు పంపాలి.

పిల్లల ముక్కులోనో చెవిలోనో ఇరుక్కున్నవాటిలో బటన్ బ్యాటరీ ఒక్కటే గంటల లెక్కన చూడాల్సిన విషయం. రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. చుక్కలూ నీళ్లూ వేయకుండా వెంటనే తీయించాలి. శనగ, పెసర గింజలకు నీళ్లు తగిలితే ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి. పిల్లలకు ఒక పక్క ముక్కు నుంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే సైనస్ అని మందులు రాయకుండా ముందు లోపల చూడాలి.

ముక్కు నుంచి రక్తం వస్తే మన దగ్గర తల వెనక్కి వాల్చి, ముక్కు దూలం పట్టుకుంటారు. రెండూ తప్పే. ముందుకు వంగి కూర్చుని, కింద మెత్తటి భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా నొక్కాలి, నోటితో గాలి పీల్చాలి, గొంతులోకి దిగిన రక్తాన్ని ఉమ్మేయాలి. మధ్యలో తీసి చూడటమే ఆగకపోవడానికి కారణం. దిబ్బడకు వేసుకునే చుక్కలు వారం దాటితే అవే దిబ్బడ తెస్తాయి. షుగర్ ఉన్నవారికి ముఖం ఒక పక్క వాచి, ముక్కులో నల్లటి పొక్కులు కనిపిస్తే అది బ్లాక్ ఫంగస్ కావొచ్చు, దానితో ఏమవుతుందో 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులు చూసిన తర్వాత ఎవరికీ చెప్పక్కర్లేదు.

గొంతు నొప్పిలో ఎక్కువ వైరస్‌దే, యాంటీబయోటిక్ అక్కర్లేదు. అయితే కొన్నిటిని తేలిగ్గా తీసుకోకూడదు. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర కట్టి, గీకితే రక్తం వచ్చి, మెడ వాచిన పిల్లవాడికి అది కంఠసర్పి (డిఫ్తీరియా) కావొచ్చు. దాని విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ ఉన్న చోటికి అప్పుడే పంపాలి. మూడు వారాలు దాటిన బొంగురు గొంతునూ, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన గుట్కా నోటినీ పరీక్ష చేయకుండా ఇంటికి పంపకూడదు.

కాబట్టి మంత్రి గారూ, ప్రతి పీహెచ్‌సీలో ఒక ట్రే ఉండాలి: ఆటోస్కోపు, నీలి టార్చి, ఫ్లోరెసిన్ పట్టీలు, పీహెచ్ కాగితాలు, ప్రొపారకైన్, క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్, సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు. నాటమైసిన్ ఏరియా ఆసుపత్రి ఫార్మసీలో ఎప్పుడూ నిలవ ఉండాలి. ఇప్పుడు అది అయిపోయిందంటే రోగి హైదరాబాద్‌లోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి దాకా రావాల్సి వస్తోంది, ఆ ప్రయాణంలోనే రెండు మూడు రోజులు పోతున్నాయి. ఈఎన్‌టీ డాక్టరు వారంలో ఏ రోజు ఏ ఏరియా ఆసుపత్రిలో ఉంటారో పీహెచ్‌సీ గోడ మీద రాసి ఉండాలి. కొనుగోలు కేంద్రాల్లో ప్యాడీ క్లీనర్ దగ్గర పనిచేసేవారికి పక్కలు మూసిన ప్లాస్టిక్ కళ్లద్దాలు ఇప్పించడానికి పౌర సరఫరాల శాఖతో మీరు మాట్లాడాలి. ఆశా కార్యకర్తలకూ ఏఎన్‌ఎంలకూ రెప్ప తిరగేయడం, చెవి వత్తి పెట్టడం నేర్పడానికి ఒక పూట చాలు. ఆ పాఠం చెప్పడానికి మేం వస్తాం, రైతు వేదికలు తెరిపిస్తే అక్కడికైనా సరే.

ఇట్లు,
కంటి, ఈఎన్‌టీ విభాగాల వైద్య సిబ్బంది