చుక్కకు ఇల్లు దొరికింది, అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మా కుక్క చుక్క కొత్త ఇంటికి వెళ్లిపోయింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. రాసేది అటూఇటూగా ఉంటే క్షమించండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. చుక్క చెడ్డ కుక్క కాదు. ఒడిలో తల పెట్టుకుని పడుకునే రకం. కానీ తన గిన్నె దగ్గరికో పడక దగ్గరికో ఎవరైనా వస్తే బిగుసుకుపోతుంది. కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, ఆపైన గుర్రుమంటుంది. పెద్దవాళ్లం తప్పుకుంటాం. పాకే మా పసివాడికి ఆ హెచ్చరిక ఏం తెలుస్తుంది? చెవిలోనో పళ్లలోనో కీళ్లలోనో నొప్పి ఉన్నా కుక్కలు ఇలా చేస్తాయని పశువైద్యురాలు అన్నీ పరీక్షించారు. ఏ నొప్పీ లేదు. గుర్రుమన్నప్పుడు తిట్టొద్దని, తిడితే హెచ్చరించడం మానేసి నేరుగా కరవవచ్చని శిక్షకుడు చెప్పారు. అలాగే నడుచుకున్నాం. గదుల మధ్య అడ్డుగేట్లు పెట్టాం. రొప్పడానికీ నీళ్లు తాగడానికీ వీలుండే బుట్టచిక్కం మూతికి అలవాటు చేశాం. చివరికి రోజంతా తలుపులు వేస్తూ తీస్తూ ఉండటమే మా పనైంది. అటు బిడ్డకూ సుఖం లేదు, ఇటు దానికీ లేదు. అందుకే దానికి వేరే ఇల్లు కావాలని ప్రకటన ఇచ్చాం.

ఇప్పుడు చుక్కను తీసుకువెళ్లిన ఆవిడ గురించి. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

అంతకుముందు ఫోను చేసినవారంతా జాతేమిటి, వయసెంత, ఫొటో పంపండి అన్నవారే. ఆవిడ మాత్రం, "ముందు కష్టమైన సంగతులన్నీ చెప్పండి, ముద్దొచ్చేవి తర్వాత వింటాను" అన్నారు. చెప్పాను. గిన్నె సంగతి, పడక సంగతి, పిల్లి కనబడితే తాడు తెంపుకునేంతగా లాగడం, ఉరుము వింటే మంచం కింద దూరి బయటికి రాకపోవడం. మధ్యమధ్యలో "ఒక్క నిమిషం, రాసుకుంటున్నాను" అనేవారు. వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు లేరు, వేరే జంతువులూ లేవు. ఇంటికి వచ్చినప్పుడు చుక్కను పిలవలేదు, చెయ్యి చాపలేదు, దాని వైపు చూడనైనా లేదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని నాతో మాట్లాడుతూ ఉన్నారు. చాలాసేపటికి అదే వెళ్లి ఆవిడ మోచెయ్యి వాసన చూసింది. అప్పుడూ కదల్లేదు.

ఎందుకు ఇచ్చేస్తున్నామో నేను మొదలుపెట్టాను. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పుకున్నానో, నోటికి వచ్చేసింది. ఆవిడ మధ్యలోనే ఆపారు. "నాకు సంజాయిషీ చెప్పనక్కర్లేదమ్మా. రాత్రిపూట ఇది ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో చెప్పండి."

అంతే, నా వల్ల కాలేదు. ముఖపరిచయం లేని మనిషి ముందు అలా ఏడ్చింది జీవితంలో అదే మొదలు.

వెళ్లేటప్పుడు చుక్క పాత దుప్పటి ఉతక్కుండా ఇమ్మని అడిగి తీసుకున్నారు, ఈ ఇంటి వాసన కొన్నాళ్లు తోడుంటుందని. పేరు మార్చనన్నారు. మొదట్లో సరిగా తినకపోవచ్చు, కంగారు పడకండి అని నాకే ధైర్యం చెప్పారు. రాత్రి పొద్దుపోయాక ఒక సందేశం వచ్చింది: "తినలేదు. నీళ్లు తాగింది. మీరన్నట్టే ఎడమ పక్కకు."

మా ఆయనకు, అత్తయ్యకు, తమ్ముడికి వేరే చెప్పాలా? మీకు తెలుసు.

ఒక్క మాట మాత్రం మింగలేకపోతున్నాను. మాకు చుక్కను ఇచ్చిన సంరక్షణ కేంద్రం కాగితంలో "పిల్లలతో బాగుంటుంది" అని ఉంది. ఏ పిల్లలతో చూశారని అడిగితే జవాబు లేదు. బోనులో బెదిరి ముడుచుకున్న కుక్క అసలు స్వభావం కొత్త ఇంట్లో కొన్ని వారాలకు గానీ బయటపడదని మాకంటే వాళ్లకే బాగా తెలియాలి. ఒప్పందం ప్రకారం వేరెవరికీ ఇవ్వకూడదు, వాళ్లకే తిరిగి అప్పగించాలి. సరే తీసుకోండి అంటే చోటు లేదు. పైగా జీవకారుణ్యం మీద ఉపన్యాసం! తిరిగి తెచ్చినవాళ్లను దోషుల్లా నిలబెడితే, రేపు ఇంకొకరు వాళ్లకు చెప్పకుండా ఏ రోడ్డు మీదో వదిలేస్తారు. వేరేవాళ్లకు ఇవ్వడానికి అనుమతి కాగితం కోసం తిప్పించుకున్నది ఒక ఎత్తు, తప్పిపోతే గుర్తుపట్టడానికి కుక్కకు పెట్టే మైక్రోచిప్ ఇంకో ఎత్తు. చర్మం కింద ఉండేది పదిహేను అంకెల సంఖ్య మాత్రమే. యజమాని వివరాలు ఉండేది రిజిస్టరులో. అది మార్చేదాకా చుక్క తప్పిపోతే ఫోను మోగేది మా ఇంట్లోనే. మార్చడానికి వాళ్ల దగ్గరే ఉన్న కాగితాలు మమ్మల్ని తెమ్మంటున్నారు.

అయ్యో, మరిచిపోయాను. పై అంతస్తు అబ్బాయీ, మా చేతుల్లో బిడ్డ ఉన్నప్పుడల్లా చుక్కను తిప్పుకొచ్చింది నువ్వే. రేబిస్ టీకా కార్డు పోతే పాత రికార్డులు వెతికి కొత్తది రాసిచ్చిన ఆసుపత్రి సహాయకుడికి, ప్రకటన నలుగురికీ పంపిన స్నేహితులందరికీ కృతజ్ఞతలు.

పక్కింటి అక్కా, నీ అడ్డుగేటు ఇంకా మా దగ్గరే ఉంది. ఈరోజు నిద్రపోతాను, రేపు తెచ్చిస్తాను.