నరాల బలహీనత అంటే ఏంటో వాడికి తెలియలేదు

ఒరేయ్ మామా,

మూడు వారాలైంది నీకు జవాబు రాసి, కోప్పడకు. "లైంగిక ఆరోగ్యం పాఠం చెప్పడానికి కాలేజీలో నువ్వే దొరికావా?" అన్నావు కదా. దొరకలేదురా, నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో చెప్తాను.

మొన్న ఓపీకి యాభై దాటిన రైతు ఒకాయన వచ్చాడు. ఎనిమిదేళ్లుగా షుగర్. "నరాల బలహీనతగా ఉంది బాబూ" అన్నాడు. మా హౌస్‌సర్జన్ మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశాడు, తిమ్మిర్లున్నాయా అని అడిగాడు, బీ కాంప్లెక్స్ రాసిచ్చాడు. ఆయన చీటీ పట్టుకుని కదలకుండా అలాగే నిలబడ్డాడు. మన ఊళ్లలో గోడల మీద ఆ మాట దేనికి రాస్తారో మా హౌస్‌సర్జన్‌కి తట్టనే లేదు. నేను తలుపు దగ్గరకేసి, "ఇంట్లో ఆవిడతో కలవడం ఎలా ఉంది?" అని అడిగాను. ఏడాదిన్నరగా అంగం గట్టిపడటం లేదట. ఏవో లేహ్యాలకి పన్నెండు వేలు పోశాడట. ఈసీజీ తీయించి గుండె డాక్టరు దగ్గరికి పంపాను. అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండెవాటి కంటే సన్నం, పూడిక చాలాసార్లు ముందు అక్కడే బయటపడుతుంది, ఒక్కోసారి రెండు నుంచి ఐదేళ్ల ముందే. ఇదంతా ఆ పిల్లాడికి తెలుసురా! పరీక్షలో రాశాడు కూడా. అడగడానికి తెలుగు మాటే లేదు వాడి దగ్గర.

అందుకే నా క్లాసులో మొదటి గంటంతా మాటలే. తెల్లబట్ట, ధాతువు పోవడం, సంసారం. ఒకరు పేషెంటుగా, ఒకరు డాక్టరుగా నటించాలి. ముందు నవ్వుతారు, నవ్వనిస్తాను. ఒకమ్మాయి లేచి, "సార్, పెళ్లికాని అమ్మాయి పక్కన వాళ్లమ్మ కూర్చుంటే ఎలా అడగాలి?" అంది. ఎంత మంచి ప్రశ్న! అమ్మని కాసేపు బయట కూర్చోమనాలి, ఇది అందరినీ అడిగేదేనని ముందే చెప్పాలి, "పెళ్లయిందా" అని మాత్రం మొదలుపెట్టకూడదు. దానిమీదే గంట గడిచిపోయింది.

మనం ఫోరెన్సిక్‌లో కన్యత్వం లక్షణాలు బట్టీ పట్టాం, గుర్తుందా? 2022లో సుప్రీంకోర్టు అత్యాచార బాధితులకి చేసే రెండు వేళ్ల పరీక్ష సిలబస్‌లో ఉండకుండా చూడమంది. అయినా 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) ఇచ్చిన మార్గదర్శకాల్లో కన్యత్వం పాఠం మళ్లీ వచ్చింది, స్వలింగ సంబంధాలు అసహజ నేరాల కింద చేరాయి. గొడవయ్యాక సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ వారమంతా చివరి బెంచీలో ఒక కుర్రాడు తలెత్తలేదు. కారణం నేను అడగలేదు. స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద 2018లో వచ్చిన తీర్పు ఏంటో మర్నాడు క్లాసులో నిదానంగా వివరించాను.

మీ పలాస వైపు పేషెంట్లు ఈ బాధలకి ఏ మాటలు వాడతారో రాసి పంపరా. సిగ్గుపడి ఏదీ వదిలేయకు. బుధవారం క్లాసులోపు కావాలి.

నీ
రూమ్మేటు