సూర్యుడి తుఫాను వార్తలూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

2024 మే 10న భూమిని తాకిన సౌర తుఫాను రెండు దశాబ్దాల్లో అతి తీవ్రమైనది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆ రాత్రి ఆకాశం ఎర్రబడింది. మా బరంపురంలో మాత్రం ఫోన్ల నిండా ప్రళయం కబుర్లే. నా దగ్గర చదువుకునే పిల్లలు భయపడి అడిగితే, చూపించడానికి తెలుగులో సరైన వార్త ఒక్కటీ దొరకలేదు. ఆ బాధతోనే రాస్తున్నాను.

సౌర తుఫాను అంటే సూర్యుడు వెదజల్లే విద్యుదావేశ కణాలు భూమి మీదికి వెల్లువెత్తడమే. వాటిని భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు పక్కకు మళ్లిస్తుంది. నేల మీది మనుషులకు ప్రమాదం లేదు. దెబ్బ తగిలేది ఉపగ్రహాలకు, రేడియోకు, విద్యుత్ లైన్లకు. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్ గంటల తరబడి చీకట్లో మునిగింది. 2017 సెప్టెంబరులో కరీబియన్ దీవులను పెనుతుఫాను కుదిపేస్తున్న రోజుల్లోనే సౌరజ్వాలలు, అంటే సూర్యుడి మీది విస్ఫోటాలు, అక్కడి అత్యవసర రేడియో సంబంధాలకు అంతరాయం కలిగించాయి. 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటడం చూసిన మాకు ఆ సంగతి చదివితే గుండె ఝల్లుమంటుంది. జీపీఎస్‌ను నమ్ముకుని వేటకు వెళ్లే మా తెలుగు జాలరులకు ఇది తెలియాలి కదా!

ఈ శాస్త్రం మనకు కొత్త కాదు. 1859 నాటి మహా సౌర తుఫాను ముంబయిలోని కొలాబా పరిశీలనాలయంలో నమోదైంది. విద్యుత్ ట్రాముల వల్ల అయస్కాంత కొలతలు చెడతాయని ఆ పనిని అలీబాగ్‌కు తరలించారు. ఎంత శ్రద్ధ! ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి మన ఇస్రో వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ణి గమనిస్తోంది.

వాతావరణ వార్తల పక్కన వారానికి నాలుగు పంక్తులైనా దీనికి కేటాయించండి. వాటిని కత్తిరించి మా తరగతి గోడకు అంటిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా