చెల్లి పెళ్లి పనులు ఎవరికిద్దాం?

అట్లాంటా

ప్రియమైన నాన్నగారికీ అమ్మకూ,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. పెళ్లికార్డు నమూనాలు చూశాను, క్రీమ్ రంగుది బాగుంది. చెన్నైలో కార్డుల షాపులుండే ఆండర్సన్ స్ట్రీట్‌లో కాకుండా మన చర్చి సంఘంలో ప్రెస్ నడిపే అన్న దగ్గర వేయించమని నేనంటే, "పెళ్లిలో కూడా మనవాళ్లు, బయటివాళ్లు అని చూడాలా?" అని నాన్నగారు అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాన్నగారూ, బైబిల్లో గలతీ 6:10 మాకు కంఠతా నేర్పింది మీరే. అందరికీ మేలు చేయమనీ, విశ్వాసగృహానికి చేరినవారికి మరీ విశేషంగా చేయమనీ పౌలు రాశాడు. మనం ఏం చేస్తున్నాం? ఆరాధన అయ్యాక చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటాం. కష్టమొస్తే ప్రార్థిస్తాం. మరీ ఇబ్బందైతే కానుక పట్టి ఇస్తాం. అదే మనిషి పని కోసం చూస్తున్నప్పుడు మాత్రం ఆ పని ఇంకెక్కడో ఇచ్చి వస్తాం. ఇంట్లో పొయ్యి ఆరాక బియ్యం పట్టుకెళ్లడం కన్నా, ఆరకుండా పని ఇవ్వడం మేలు కాదా? కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో దిగింది వాళ్లదీ తనదీ డేరాలు కుట్టే వృత్తే కాబట్టి. ఆ ఇంట్లో వ్యాపారం, సహవాసం వేరువేరుగా లేవు.

మన ఒంగోలు సంగతే చూడండి. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. చెన్నైలో ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాల పక్కన మురికినీళ్లతో కనిపించే కాలువ అదే. గంజి పోసి ఊరుకోవచ్చు, కానీ ఆయన పార ఇచ్చి కూలి ఇప్పించారు. సంఘంలోని బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చూశారు. అప్పటికే మనవాళ్లు ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు ఊళ్లో ఏటేటా అందే గింజలు పోగొట్టుకున్నారు. అలాంటివాళ్లకు ఆ కూలి ఎంతటిదో ఆలోచించండి. నాకు ఇంకా నచ్చేది ఏమిటంటే, ఆ కాలువ మీద విశ్వాసులు కానివాళ్లకూ పని దొరికింది. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలే ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆదివారం సంగతి ఇప్పటికీ అలాగే ఉంది. మా అట్లాంటా పక్కన హేప్‌విల్‌లో ట్రూయెట్ క్యాథీ అనే ఆయన 1946లో చిన్న హోటల్ తెరిచి, ఆదివారం సెలవు పెట్టాడు. తర్వాత ఆయన మొదలుపెట్టిన చికెన్ హోటళ్ల సంస్థ చిక్-ఫిల్-ఎ ఇప్పుడు దేశమంతా ఉన్నా ఆదివారం తెరవదు. అంత పెద్ద సంస్థ ఒక రోజు అమ్మకం పోయినా తట్టుకుంటుంది. పెరంబూరులో జాకెట్లు కుట్టే మన అక్క ఎలా తట్టుకుంటుంది? ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు కొలతలివ్వడానికి తీరిక దొరికేది ఆదివారమే. ఆ రోజే ఆమె షట్టర్ దించి మందిరానికి వస్తుంది. ఆమె పక్కన కూర్చుని పాటలు పాడి, సోమవారం మన జాకెట్లు వేరే చోట ఇస్తే ఆ నష్టమంతా ఆమె ఒక్కతే మోయాలి. నాకు అది న్యాయంగా అనిపించడం లేదు.

ఎస్సీ హోదా హిందువులకే అన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులైన దళితులకు మాత్రం ఎస్సీ హోదా లేదు. ఎస్సీలకని పెట్టిన రుణానికి వెళితే సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతారు. బ్యాంకుకు హామీ చూపడానికి ఆస్తి ఉండదు. మన ప్రెస్ అన్న లాంటివాళ్లకు అడ్వాన్స్ చేతిలో పెట్టి ఆర్డర్ ఇచ్చేవాళ్లే పెట్టుబడి.

అయితే అమ్మా, "మనవాళ్లే కదా, కొంచెం తగ్గించు" అని మాత్రం అడగొద్దు. బయట షాపులో అడగని తగ్గింపు సంఘంలో అడుగుతాం, డబ్బులు కూడా నిదానంగా ఇస్తాం. పనివాళ్ల కూలి బిగబట్టేవాళ్లను యాకోబు ఎంత గట్టిగా గద్దించాడో తెలుసు కదా. వాళ్ల వైపు నుంచి కూడా పని సరిగ్గా ఉండాలి. బోర్డు మీద వచనం రాసుకుంటే చాలదు, న్యాయమైన తూకం ఉండాలని లేవీయకాండంలోనే ఉంది. కార్డులో అచ్చుతప్పులుంటే మొహమాటపడకుండా మళ్లీ వేయమనండి. చెప్పినా దిద్దుకోకపోతే, కారణం ఆయనకే చెప్పి ఇంకొకరికి ఇవ్వండి.

బిర్యానీ మాత్రం భాయ్‌కే. నా పెళ్లికీ ఆయనే వండారు, నాన్నగారి ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో రాత్రంతా ఉన్నదీ ఆయనే. విశ్వాసం పేరు చెప్పి ఆయన చేతిలో పని తీసేస్తే గలతీ వచనంలో ముందు సగాన్ని మనం కొట్టేసినట్టే. మనవాళ్ల కొట్లో ఎవరూ కొనొద్దని ఇంకొకరంటే ఎంత బాధో మనకు తెలియనిదా? నేను అడిగేది ఎవరినీ మానేయమని కాదు. కొత్తగా ఇవ్వాల్సిన పని ఉన్నప్పుడు ముందు సంఘంలో ఒకసారి చుట్టూ చూడమని.

డబ్బు పంపాను. కార్డులకు సగం అడ్వాన్స్ రేపే ఇచ్చేయండి. చెల్లి తెల్లచీర జాకెట్టు, అమ్మవీ పిన్నివీ అన్నీ అక్కకే ఇవ్వండి, క్రిస్మస్ రద్దీ మొదలవకముందే. పూలకు కోయంబేడు వెళ్లాల్సిందే, సంఘంలో ఆ వ్యాపారం ఎవరికీ లేదు. స్టేజీ సంగతి ఇంకా తేలలేదు, యూత్‌లో ఎవరైనా చేస్తున్నారేమో పాస్టరు గారిని అడగండి. నాన్నగారికి ఇంకా అభ్యంతరం ఉంటే శనివారం కాల్‌లో మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మాయి