పోయినవాళ్ల గొంతు మీద పెత్తనం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

దివంగత గాయకుల గొంతును ఏఐతో పుట్టించి కొత్త పాటలు పాడించడం మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. సాంకేతికత మంచిదా చెడ్డదా అన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. నాకైతే అమెరికన్ ర్యాపర్ గురు సంగతి గుర్తొస్తోంది. ర్యాప్ అనగానే మొహం చిట్లించే పెద్దలు ఈ ఒక్కసారికి ఓపిక పట్టాలి.

గురు అసలు పేరు కీత్ ఎలమ్. బోస్టన్‌వాడు. తండ్రి జడ్జి, తల్లి లైబ్రేరియన్. న్యూయార్క్ చేరి డీజే ప్రీమియర్‌తో కలిసి గ్యాంగ్ స్టార్ పేరుతో పాటలు చేశాడు. పాత జాజ్ రికార్డులోంచి చిన్న ముక్క కత్తిరించి, దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తూ పైన మాటలు పేర్చడం అప్పటి హిప్‌హాప్‌లో, అంటే ర్యాప్ సంగీతంలో, మామూలే. ఆ ముక్క వాయించిందెవరో వినేవాడికి చాలాసార్లు తెలిసేది కాదు. వీళ్లిద్దరూ అదే పని చేశారు, బ్రహ్మాండంగా చేశారు. కానీ 1993లో 'జాజ్‌మటాజ్' ఆల్బం కోసం గురు ఆ జాజ్ విద్వాంసులనే పిలిపించి, వాళ్ల పేర్లు చెప్పి మరీ వాయింపజేశాడు. ట్రంపెట్ డొనాల్డ్ బర్డ్, వైబ్రఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించే వాద్యం) రాయ్ ఏయర్స్, శాక్సఫోన్ బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్. బర్డ్‌కి అప్పటికి 60 ఏళ్లు. ఆయన వాయించిన 'లౌంజిన్' వినండి. గురు గొంతు పెంచడు, తగ్గించడు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కచేరీలో గాయకుడు వదిలినచోట వయొలిన్ ఎత్తుకున్నట్టు, మాటల సందులో ట్రంపెట్ అందుకుంటుంది. ర్యాపర్‌కి అన్నిటికన్నా ముఖ్యం గొంతేనని 1994లో ఆయన ఒక పాటే కట్టాడు.

ఆ గొంతు 2010 ఏప్రిల్ 19న ఆగిపోయింది. క్యాన్సర్. యాభై కూడా నిండలేదు. పోగానే ఆయన రాసినట్టుగా ఒక లేఖ బయటికొచ్చింది, అందులో ప్రీమియర్‌తో సంబంధం లేదని ఉంది. అది ఆయన రాసింది కాదని కుటుంబం అంది. చివరి ఏళ్ల రికార్డింగులేమో అప్పట్లో ఆయనతో పనిచేసిన నిర్మాత దగ్గర ఉండిపోయాయి. ప్రీమియర్ న్యాయపరమైన చిక్కులన్నీ దాటి వాటిని సంపాదించి, 2019లో గ్యాంగ్ స్టార్ ఆఖరి ఆల్బం తెచ్చాడు. పని జరుగుతున్నంతకాలం గురు అస్థికల కలశం స్టూడియోలోనే ఉంచుకున్నాడట. అందులో గురు పలికినవన్నీ బతికుండగా మైకు ముందు నిలబడి పలికినవే. యంత్రం కల్పించిన మాట లేదు.

మన దగ్గర? 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో బాలుగారి గొంతును అడక్కుండా ఏఐతో పుట్టించారంటూ ఆయన కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే కాలంలో రెహమాన్ ఒక తమిళ పాటకి దివంగత గాయకులు షాహుల్ హమీద్, బంబా బాక్యాల గొంతులు ఏఐతో పుట్టించి వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. రెండో పద్ధతి మెరుగే, కాదనను. అయితే గురు విషయంలో చూశాం కదా, పోయినవాడి తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్నదే పెద్ద తగవు కాగలదు.

మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శనకారుల హక్కు 1994 సవరణతో వచ్చింది. ప్రదర్శన జరిగాక 50 ఏళ్లపాటు అది ఉంటుంది. మరి అసలు జరగనే జరగని ప్రదర్శన మాటేమిటి? బాలుగారు ఎన్నడూ పాడని పాట మీద ఆయనకి ఏ హక్కు వర్తిస్తుందో చట్టం సూటిగా చెప్పడం లేదు. పార్లమెంటు దీన్ని సవరించేదాకా సినిమావాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఒప్పందం రాసుకునేటప్పుడే, తన తర్వాత తన గొంతు వాడుకోవచ్చో లేదో, వాడితే దేనికో గాయకుడి చేతనే రాయించుకోవాలి. కొత్తగా పాడటానికి వస్తున్న పిల్లలకి ఈ షరతు గురించి గాయకుల సంఘాలే ముందుగా చెప్పాలి. సంతకం పెట్టే హడావుడిలో చిన్న అక్షరాలు ఎవరూ చదవరు.

— ఒక పాఠకుడు, విజయవాడ