లాకప్పు హింసకు వేరే చట్టం ఎందుకంటే

చెన్నై

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. లాకప్పులో కొట్టిన పోలీసుల మీద పెట్టడానికి సెక్షన్లు ఉండగా రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేయడం దేనికని అడిగావు. రిమాండుకు తెచ్చేవాళ్ళను రోజూ చూస్తున్నవాణ్ణి కనుక వివరంగానే రాస్తాను.

మొన్న మన నెల్లూరు వైపు కూలి కుర్రవాణ్ణి దొంగతనం కేసులో కోర్టుకు తెచ్చారు. పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు అడిగినప్పుడు, తెచ్చిన కానిస్టేబులు పక్కనే నిలబడి ఉండగా, లేదన్నట్టు తలూపాడు. సంతకానికి నడిచిన నాలుగడుగులూ మాత్రం మడమలు నేలకు ఆనించకుండా మునివేళ్ళ మీదే నడిచాడు. అరికాళ్ళ మీద కొడితే పైకి ఏమీ తెలియదు. తెలిసే గాయాలకు తమిళనాడులో 'బాత్రూంలో జారిపడ్డాడు' అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ నేరం ఒప్పించడానికో, సమాచారం లేదా సొత్తు రాబట్టడానికో కొడితేనే వర్తిస్తుంది. ఎదురు మాట్లాడాడని, బుద్ధి చెప్పాలని కొడితే దానికి అందదు. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం పోలీస్ స్టేషన్‌లో, లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ దుకాణం తెరిచారంటూ తీసుకుపోయిన తండ్రీకొడుకులను ఏం ఒప్పించడానికి కొట్టారు? రాత్రంతా కొట్టారని, లాఠీల మీద, బల్ల మీద రక్తపు మరకలున్నాయని ఆ స్టేషన్ మహిళా హెడ్ కానిస్టేబులే విచారణకు వెళ్ళిన మేజిస్ట్రేటుకు ధైర్యంగా చెప్పింది. ఇద్దరూ చనిపోయారు కనుక హత్య కేసు అయింది. బతికి ఉంటే ఆ రాత్రికి చట్టంలో సరైన పేరు కూడా ఉండేది కాదు.

ఢిల్లీ కోసం ఎదురుచూడమంటావేమో. ఐక్యరాజ్యసమితి హింసా వ్యతిరేక ఒడంబడికపై మన దేశం 1997లో సంతకం చేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన హింస నివారణ బిల్లు రాజ్యసభ దాటలేదు. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది కనుక, రాష్ట్రపతి సమ్మతితో శాసనసభే ఈ పని చేయవచ్చు. ర్యాగింగును తమిళనాడు, మన ఆంధ్రప్రదేశ్ రెండూ 1997లోనే ప్రత్యేక నేరంగా చేశాయి కదా! హాస్టల్ గదిలో సీనియర్ పెట్టే బాధకు చేయగలిగినది స్టేషన్ గదిలో యూనిఫాం పెట్టే బాధకు ఎందుకు చేయకూడదు?

నువ్వు రాస్తున్న చట్టం ముసాయిదాలో శిక్షాకాలం కంటే రుజువు భారం మీద ఎక్కువ దృష్టి పెట్టు. కస్టడీలో ఉన్న మనిషికి గాయాలుంటే అవి పోలీసులు చేసినవేనని కోర్టు భావించాలని, కాదని నిరూపించే బాధ్యత వారిదేనని లా కమిషన్ 2017లో 273వ నివేదికలో సూచించింది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి కూలివాడు సాక్షిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? పోలీసుల మీద విచారణకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలన్న వాదన ఈ నేరానికి చెల్లదని కూడా స్పష్టంగా రాయి. వైద్య పరీక్ష సమయంలో పోలీసులు గది బయటే ఉండాలన్న నిబంధన నేను రాసి వచ్చే వారం పంపుతాను.

నీ
రఘు