ఎయిర్‌లాక్ తలుపు తెరిచే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిన్నా,

నువ్వు పంపిన నీ అంతరిక్ష నవల పదకొండో అధ్యాయం నేనూ మీ నాన్నా చదివాం. నౌకలో తిరుగుబాటు, కెప్టెన్ విచారణ, తీర్పు, ఆ పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఎయిర్‌లాక్‌లోకి (నౌక లోపలి గాలికీ బయటి శూన్యానికీ మధ్య ఉండే రెండు తలుపుల గదిలోకి) నెట్టడం, అన్నీ కలిపి నాలుగు పేజీలు. చదివించావు, అందులో సందేహం లేదు. కానీ ఒక రాజ్యం పద్ధతి ప్రకారం మనిషి ప్రాణం తీయడమంటే నాలుగు పేజీల్లో తేలే పని కాదురా. నీ నక్షత్ర సమాఖ్య ఎలాంటిదో పాఠకుడికి తెలిసేది అక్కడే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తలుపు లెక్కలు మీ నాన్నవి, చట్టం సంగతులు నావి.

ముందు తలుపు. కెప్టెన్ మీట నొక్కగానే బయటి తలుపు లోపలికి తెరుచుకుందని రాశావు. తెరుచుకోదు. లోపల భూమ్మీద ఉన్నంత గాలి ఒత్తిడి ఉంటే చదరపు మీటరుకు పది టన్నుల బలం. రెండు చదరపు మీటర్ల తలుపుకి ఇరవై టన్నులు. ఆ బలం తలుపుని చట్రానికేసి అదిమి పట్టేస్తుంది. మోటారు కాలాల్సిందే తప్ప తలుపు కదలదు. కాబట్టి ముందు వాల్వ్ తెరిచి గాలి వదలాలి, ఆ తర్వాతే తలుపు.

ఆ వాల్వ్ సైజు మీదే అంతా ఉంది. పది ఘనపు మీటర్ల గది అనుకో, అందులో పన్నెండు కిలోల గాలి పడుతుంది. వాల్వ్ అడ్డకొలత పది సెంటీమీటర్లయితే, ఒంటి వేడికే నీళ్ళు మరిగేంత తక్కువ ఒత్తిడికి రావడానికి సుమారు ఇరవై సెకన్లు. అదే రెండు సెంటీమీటర్ల వాల్వ్ అయితే ఎనిమిది నిమిషాలు. చెవులు పగిలే నొప్పి, కడుపుబ్బరం, ఊపిరి అందకపోవడం, ఏం జరుగుతోందో తెలిసీ గోడలు బాదుకోవడం, స్పృహ తప్పేదాకా ఇవన్నీ అనుభవించాల్సిందే. గాలి వృథా కాకూడదని పంపుతో వెనక్కి లాగే నౌక అయితే ఇంకా ఆలస్యం. అంటే ఆ కుర్రాడి చావు ఎంతసేపు సాగాలో నిర్ణయించింది జడ్జి కాదు, ఎప్పుడో గాలి పొదుపు కోసం పైపు సైజు ఎంచిన ఇంజనీరు. ఈ ఒక్క విషయం నీ కథలో ఎవరి నోటైనా పలికించు.

మనిషి పేలిపోయాడనీ, క్షణంలో గడ్డకట్టాడనీ రాసిన రెండు వాక్యాలూ తీసెయ్. శూన్యంలో వేడి లాక్కుపోయేందుకు గాలి ఉండదు కాబట్టి ఒళ్ళు నెమ్మదిగానే చల్లబడుతుంది. రక్తం నాళాల్లో మరగదు, నాళాల గోడల బిగువు దాన్ని ఆపుతుంది. కండలో తేమ ఆవిరై ఒళ్ళు బాగా ఉబ్బుతుంది. ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి. స్పృహ పది పదిహేను సెకన్లే ఉంటుంది. 1966లో హ్యూస్టన్‌లో నాసా వాళ్ళ వాక్యూమ్ చాంబర్లో సూట్ గొట్టం ఊడిపోయిన టెక్నీషియన్‌కి దాదాపు పద్నాలుగు సెకన్లకే స్పృహ తప్పింది. నాలుక మీద ఉమ్మి బుడగలెత్తడం ఆయనకి గుర్తున్న చివరి సంగతి. వెంటనే గాలి నింపారు కాబట్టి బతికాడు. 1971లో సోవియట్ అంతరిక్ష నౌక సోయుజ్ 11 తిరిగొస్తుంటే 168 కిలోమీటర్ల ఎత్తున ఒక వాల్వ్ తెరుచుకుని ముగ్గురూ పోయారు. శూన్యంలో మనిషికేమవుతుందో తెలుసుకోవాలంటే ఈ రెండు ఘటనలూ చదువు.

ఇంకొకటి, శవం. నౌక తిరిగే కక్ష్యలోనే దాదాపు అదీ తిరుగుతుంది. భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున, నేరుగా పైకో కిందికో తోస్తే, దాదాపు 92 నిమిషాలకు ఒక చుట్టు పూర్తయ్యేసరికి మళ్ళీ ఆ తలుపు దగ్గరికే వస్తుంది. ముందుకో వెనక్కో తోస్తేనే క్రమంగా దూరమవుతుంది. కుర్రాడి తల్లి అదే నౌకలో ఉందని నువ్వే రాశావు. శవాన్ని ఆమెకి అప్పగించే ఏర్పాటు ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. నీ కథలో తీర్పు చెప్పింది కెప్టెన్, దాన్ని ఖాయం చేసింది కెప్టెన్, మీట నొక్కింది కూడా కెప్టెనే. ఆపాలంటే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ఆగమనాలి. ఎవరూ రాలేదు, కుర్రాడు పోయాడు. మన చట్టం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎవరూ ఏమీ అనకపోతే మనిషి బతికే ఉంటాడు. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేశాక రికార్డంతా వెంటనే హైకోర్టుకి పంపాలి. హైకోర్టు ఖాయం చేస్తే తప్ప ఆ శిక్ష అమలు కాదు. నేరాల విచారణ ఎలా సాగాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహితలో 407వ సెక్షను ఇదే, పాత సీఆర్‌పీసీలో 366. ముద్దాయి అప్పీలు వేసుకోకపోయినా సరే, గుంటూరులో పడ్డ ఉరిశిక్ష నేలపాడులోని హైకోర్టుకి వెళ్ళాల్సిందే. అక్కడ సాక్ష్యం మొత్తం మళ్ళీ చూస్తారు, అవసరమైతే కొత్త సాక్ష్యం తీసుకుంటారు, ఇద్దరు జడ్జిలు సంతకం పెట్టాలి. ఇద్దరికీ అభిప్రాయం కలవకపోతే మూడో జడ్జి దగ్గరికి పోతుంది.

దీన్ని నువ్వు యంత్రంలోనే పెట్టొచ్చు. పైకోర్టు ఖాయం చేసిన కోడ్ అందితేనే వాల్వ్ తెరుచుకోవాలి. రేడియో చెడిపోయినా, రాజధాని గ్రహంలో యుద్ధమొచ్చినా తాళం తాళంగానే ఉండాలి. "ఆరు గంటల్లో కబురు రాకపోతే అమలు చేయండి" అని నీ సమాఖ్య రూలు రాశావు చూడు, దూరం ఎక్కువున్న చోట అంతకంటే ప్రమాదకరమైన వాక్యం లేదు. అంగారకుడి నుంచి భూమికి కబురు చేరడానికే దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు. సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా అయితే 4.24 ఏళ్ళు. అక్కడి ఖైదీ క్షమాభిక్ష పెట్టుకుంటే జవాబొచ్చేసరికి ఎనిమిదిన్నర ఏళ్ళు. ఆరు గంటల గడువంటే అక్కడి వాళ్ళందరికీ క్షమాభిక్ష తలుపు మూసేసినట్టే.

ఆ ఎనిమిదిన్నర ఏళ్ళనూ తేలిగ్గా తీసుకోకు. క్షమాభిక్ష అర్జీ మీద ప్రభుత్వం కారణం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చుంటే, ఆ ఆలస్యమే ఉరిని యావజ్జీవంగా మార్చడానికి చాలని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి పదిహేను మందికి శిక్ష తగ్గించింది. తిరస్కరణ కబురు అందాక అమలుకు కనీసం పద్నాలుగు రోజులు వ్యవధి ఇవ్వాలనీ, చివరిసారి కుటుంబాన్ని కలవనివ్వాలనీ అదే తీర్పు. మరి కాంతి వేగం వల్ల వచ్చే ఆలస్యం ఎవరి తప్పు? ప్రభుత్వ తప్పు కాదని ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. అంత దూరంలో ఉన్నవాడి ప్రాణం మీద అధికారం తన దగ్గరే ఉంచుకున్నది ప్రభుత్వమే కదా అని నేనైతే వాదిస్తాను. నీ నవలలో ఒక అధ్యాయం మొత్తం ఈ వాదనకే ఇవ్వొచ్చు.

తిరుగుబాటుకి మరణమే శిక్ష, వేరే దారి లేదని నీ నౌకా నియమావళి. మన దగ్గర అలాంటి సెక్షనే ఒకటుండేది, ఐపీసీ 303. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప మార్గం లేదనేది. 1983లో మిట్టు కేసులో దాన్ని కొట్టేశారు. మనిషిని చూడకుండా శిక్ష వేయమంటే ఇక జడ్జి ఎందుకు? 1980 బచన్ సింగ్ తీర్పు ప్రకారం ఉరి వేయాలంటే అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు కావాలి. నేరంతో పాటు నేరస్థుడినీ తూచాలి. వయసు చూడాలి. వీడు మారడని రుజువు చేసే భారం ప్రభుత్వానిది. 2022 మనోజ్ కేసు నుంచి జైల్లో నడవడి, మానసిక స్థితి మీద నివేదికలు కూడా తెప్పించుకోవాలి. నీ నౌకలో ఆ కుర్రాడి గురించి నివేదిక ఇవ్వగలిగినవాళ్ళు ఎవరు? వాడితో కలిసి పనిచేసిన వంటగది మనిషినైనా బోనెక్కించు.

అమలుని నౌకంతా తెరల మీద చూపించారని రాశావు. బహిరంగ ఉరి రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణానికి విరుద్ధమని 1985లోనే మన సుప్రీంకోర్టు అంది. తెర ఆపించు.

వయసు దగ్గర నీకు తెలియకుండానే పెద్ద చిక్కు వచ్చిపడింది. మన దగ్గర నేరం జరిగిన నాటికి పద్దెనిమిది నిండనివాడికి ఉరి లేదు. నీ కుర్రాడు కాంతి వేగంలో తొంభై శాతంతో పది కాంతి సంవత్సరాలు ప్రయాణించాడు. అంత వేగంలో పోయేవాడి గడియారం నెమ్మదిస్తుంది కాబట్టి బయటి క్యాలెండర్‌లో పదకొండేళ్ళు దాటింది, వాడి ఒంటికి 4.8 ఏళ్ళే. పుట్టిన తేదీ నుంచి లెక్కేస్తే నేరం నాటికి పంతొమ్మిది, ఒంటి లెక్కన పన్నెండు, పదమూడు. బాలల చట్టం చూసేది ఎదగని మనసుని కాబట్టి ఒంటి గడియారమే లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. వారెంటులో టైము కూడా ఎవరి గడియారం ప్రకారమో రాయాల్సిందే.

కెప్టెన్‌కి అధికారం ఎక్కడిదో కూడా చెప్పు. 1967 అంతరిక్ష ఒప్పందంలో ఎనిమిదో అధికరణం ప్రకారం నౌక ఏ దేశంలో రిజిస్టరైతే దానిలోని మనుషులూ ఆ దేశం పరిధిలోనే. అంతర్జాతీయ స్టేషన్ మీద 1998 ఒప్పందం మాత్రం నేరాలకు ముద్దాయి పౌరసత్వం చూస్తుంది. రెంటిలో నీ సమాఖ్య దేన్ని ఎంచుకుందో తేల్చు.

తిరుగుబాటులో ముగ్గురున్నారు, మిగతా ఇద్దరి సంగతి వదిలేశావు. 1982 హర్‌బన్స్ సింగ్ కేసు చూడు. ఒకే నేరంలో ముగ్గురికి ఉరి పడింది. వేర్వేరు అర్జీలు వేర్వేరు బెంచీల ముందుకు వెళ్ళాయి. ఒకణ్ణి ఉరితీశారు, ఒకడికి శిక్ష తగ్గించారు, మూడోవాడు చివరి నిమిషంలో స్టే తెచ్చుకుని బతికాడు. అందరి పాత్రా ఒకటే. మన చిలకలూరిపేట బస్సు దహనమే తీసుకో. 1993లో ఇరవై ముగ్గురు కాలిపోయారు, ఇద్దరికి ఉరి. సుప్రీంకోర్టు ఖాయం చేసింది, రాష్ట్రపతి క్షమాభిక్ష కాదన్నారు, 1997లో తేదీ కూడా పడి ఆగింది. తర్వాత వచ్చిన రాష్ట్రపతి 1998లో యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మారారు. చచ్చిపోయిన ఇరవై ముగ్గురికీ ఇళ్ళవాళ్ళున్నారు, వాళ్ళ దుఃఖం తక్కువదని నేననను. నీ కథలో తిరుగుబాటుకి బలైనవాళ్ళ తరఫునా ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. ఇప్పుడు ఒక్కరూ లేరు.

ఇక వారెంటు. మన దగ్గర జనం బ్లాక్ వారెంట్ అంటారు. అందులో ఖైదీ పేరు, కేసు, పైకోర్టు ఖాయం చేసిన సంగతి, అమలు చేసే టైము, చోటు ఉంటాయి. అమలయ్యాక జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి దాని మీదే రాసి కోర్టుకి తిప్పి పంపాలి. అర్జీలు మిగిలుండగా వారెంటు ఇవ్వకూడదని 2015లో షబ్నమ్ కేసులో చెప్పారు. 2020లో నిర్భయ దోషుల విషయంలో నాలుగోసారి వేసిన తేదీకి, అంటే మార్చి 20కి గానీ ఉరి అమలు కాలేదు. మిగిలిన అర్జీలు ఒక్కొక్కటే తేలాల్సొచ్చింది మరి.

నీ సమాఖ్య వారెంటు పాఠం మొత్తం ఒక పేజీలో రాసి ముందు నాకు పంపు. ఎవరు సంతకం పెడతారు, ఏ గడియారం, వాల్వ్ సైజెంత, కోడ్ ఎవరి దగ్గర, శవం ఎవరికి, అన్నీ అందులో ఉండాలి. దిద్ది పంపిస్తాను, అధ్యాయం తర్వాత రాద్దువుగాని.

ఆశీస్సులతో
అమ్మ